థైరాయిడ్ కళ్ళు: రెప్పల ఆపరేషన్ ఎందుకు ఆఖర్న చేస్తారు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పద్నాలుగు నెలల కిందట థైరాయిడ్ ఎక్కువగా ఉందని తేలింది. మాత్రలు వాడుతున్నారు, రక్త పరీక్షలు నాలుగు నెలలుగా నార్మల్‌గానే వస్తున్నాయి. కళ్ళు మాత్రం పెద్దవైపోయాయి, కుడి కన్ను మరీనూ. ఎవరు చూసినా "ఏంటలా గుడ్లురిమి చూస్తున్నావు" అంటున్నారు. పొద్దున లేవగానే ఎరుపు, వాపు, కంట్లో ఇసుక పడ్డట్టు గరగర. ఒక డాక్టరు వెంటనే రెప్ప దించేద్దాం, చిన్న పనే అన్నారు. ఇంకొకరు కనీసం ఆరు నెలలు ఆగమన్నారు. ఎవరి మాట వినాలి, ఆపరేషన్ చేస్తే కళ్ళు పాతలా అవుతాయా అన్నది మీ టెన్షన్.

నేను కనురెప్పలకూ కంటి గూటికీ ఆపరేషన్లు చేసే సర్జన్‌ని. ఈ పనిలో ఇరవై ఏళ్ళు దాటాయి. జవాబు ముందే చెప్పేస్తాను: ఆగండి. ఆగమనడానికి కారణం మీరు రాసినదాంట్లోనే ఉంది. చివర్లో ఒక్క వాక్యంలో దాటేశారు చూడండి, "పైకి చూసినప్పుడు అప్పుడప్పుడు ఒకటి రెండుగా కనిపిస్తోంది, అలసట అనుకుంటా" అని. అది అలసట కాకపోవచ్చు. మీ రెప్ప ఎప్పుడు కొయ్యాలి, ఎంత కొయ్యాలి, అసలు కొయ్యాలా వద్దా అన్నది తేల్చేది ఆ వాక్యమే. అక్కడికి వస్తాను.

ముందు రెప్ప సంగతి. మామూలుగా పై రెప్ప అంచు నల్లగుడ్డు పైభాగాన్ని ఒకటి రెండు మిల్లీమీటర్లు కప్పి ఉంటుంది. కింది రెప్ప నల్లగుడ్డు కింది అంచును ఆనుకుని ఉంటుంది. కాబట్టి ఎదుటివాళ్ళకి నల్లగుడ్డు పైనా కిందా తెలుపు కనపడదు. పై రెప్ప రెండు మూడు మిల్లీమీటర్లు పైకి పోతే చాలు, పైన తెల్లటి గీత బయటపడుతుంది. మనం భయపడినప్పుడూ కోపం వచ్చినప్పుడూ కన్ను అలాగే తెరుచుకుంటుంది కదా, అందుకని చూసేవాళ్ళు దాన్ని కోపంగానో కంగారుగానో చదువుకుంటారు. లోపల మీరు ఎంత ప్రశాంతంగా ఉన్నా రెప్ప అబద్ధం చెబుతుంది. థైరాయిడ్ కంటి జబ్బులో అన్నిటికంటే ఎక్కువమందిలో కనపడే లక్షణం ఇదే. పదిమందిలో తొమ్మిదిమందికి ఏదో ఒక దశలో రెప్ప పైకి పోతుంది.

చాలామంది దీన్ని "కన్ను ముందుకు వచ్చింది" అంటారు. రెండూ ఒకటి కాదు. కనుగుడ్డు నిజంగానే గూట్లోంచి ముందుకు రావచ్చు, లేదా గుడ్డు ఉన్నచోటే ఉండి రెప్ప మాత్రమే పైకి పోవచ్చు. ఎక్కువమందిలో రెండూ కొంచెం కొంచెం కలిసి ఉంటాయి. ఎదురుగా నిలబడి చూస్తే తేడా పట్టుకోవడం మాకే కష్టం, పక్కనుంచి చూసి కొలిచే చిన్న స్కేలు లాంటి పరికరం ఉంటుంది. మీ రిపోర్టులో ఆ కొలత ఉందేమో చూడండి. లేకపోతే ఆపరేషన్ మాట ఎత్తేముందు జరగాల్సిన మొదటి పని అది.

థైరాయిడ్ గ్రంథి మాత్రలకి దారికొచ్చాక కూడా కళ్ళు ఎందుకు మొండికేస్తున్నాయని అడిగారు. గ్రంథి మీద దాడి చేసే యాంటీబాడీలే కంటి వెనక ఉండే కణజాలం మీద కూడా దాడి చేస్తాయి, ఎందుకంటే వాటికి కావాల్సిన తాళం రెండు చోట్లా ఉంది. గూట్లో కొవ్వు పెరుగుతుంది, కంటిని తిప్పే కండరాలు వాచి లావెక్కుతాయి. మాత్రలు హార్మోన్‌ని అదుపు చేస్తాయి గానీ ఆ దాడిని నేరుగా ఆపవు. అలాగని మాత్రలు అక్కర్లేదని కాదు. హార్మోన్ ఎక్కువైనా, మాత్రలు ఎక్కువై హార్మోన్ మరీ తగ్గినా కళ్ళు పాడవుతాయి. నాలుగు నెలలుగా నార్మల్‌గా ఉండటం మంచి సంగతే. అయితే కంటికి దాని గడియారం వేరే ఉంటుంది.

1940లలో రండిల్ అనే వైద్యుడు ఈ జబ్బు నడకను ఒక గీతగా గీసి చూపించాడు. ఇప్పటికీ మేం రండిల్ గీత అనే అంటాం. మొదట ఎరుపు, వాపు, నొప్పితో జబ్బు ఎక్కుతూ పోతుంది. ఒక గరిష్ఠానికి చేరి మెల్లగా దిగుతుంది. ఆ తర్వాత చదునుగా, ఏ మార్పూ లేకుండా ఉండిపోతుంది. ఎక్కుడు దిగుడు అంతా కలిపి ఎక్కువమందిలో ఏడాది నుంచి రెండేళ్ళు పడుతుంది, పొగతాగే వాళ్ళలో ఇంకా సాగుతుంది. దిగేటప్పుడు కొంత నయమవుతుంది గానీ మొదలుపెట్టిన చోటికి పూర్తిగా చేరదు. కండరాల్లో వాపు పోయిన చోట మచ్చ మిగులుతుంది, మచ్చ కుంచించుకుపోయి పట్టేస్తుంది. ఆ మిగిలినదాన్ని సరిచేయడమే మా పని. మిగిలింది ఎంతో తెలియాలంటే గీత చదునైన చోటికి రావాలి. ఇంకా కదులుతున్నదానికి కొలత తీసి కుట్లు వేస్తే, ఆర్నెల్ల తర్వాత ఆ కొలతకి అర్థం ఉండదు.

జబ్బు ఇంకా చురుగ్గా ఉందా అని తేల్చడానికి మేం ఏడు విషయాలు చూస్తాం: కంటి వెనక ఊరికే నొప్పి, కళ్ళు తిప్పినప్పుడు నొప్పి, రెప్పల ఎరుపు, తెల్లగుడ్డు ఎరుపు, రెప్పల వాపు, తెల్లగుడ్డు మీద పొర ఉబ్బడం, ముక్కు పక్క మూలలో ఉండే ఎర్రటి కండ వాపు. మూడు, అంతకంటే ఎక్కువ ఉంటే చురుగ్గా ఉన్నట్టు లెక్క. మీరు రాసిన పొద్దుటి ఎరుపూ వాపూ చూస్తే ఒకటి రెండు మార్కులు ఖాయంగా పడేలా ఉన్నాయి. అయితే కన్ను సరిగా మూసుకోక ఆరిపోయినా ఎర్రబడుతుంది, కాబట్టి నేను ఇక్కడినుంచి తేల్చలేను. మందుల అవసరం ఉందో లేదో కూడా దీన్నిబట్టే నిర్ణయిస్తారు. మోస్తరుకి మించి చురుగ్గా ఉంటే వారానికోసారి చొప్పున పన్నెండు వారాలు నరంలోకి స్టెరాయిడ్ ఎక్కిస్తారు. 2020లో అమెరికాలో టెప్రోటుముమాబ్ అనే మందుకి అనుమతి వచ్చింది. మూడు వారాలకోసారి, మొత్తం ఎనిమిది సార్లు ఎక్కించే మందు. ముందుకొచ్చిన గుడ్డుని వెనక్కి పంపడంలో బాగా పనిచేస్తుంది. కానీ వినికిడి దెబ్బతినడం, షుగర్ పెరగడం లాంటి చిక్కులున్నాయి. ఇవన్నీ ముఖ్యంగా చురుకు దశలో పనికొచ్చేవి. రెప్పలో గట్టిపడిన మచ్చని ఏ మందూ కరిగించదు.

ఇప్పుడు మీ ఒకటి రెండుగా కనపడటం దగ్గరికి వద్దాం. రెప్ప పైకి పోవడానికి కారణం ఒకటే ఉండదు. రెప్పని ఎత్తే పెద్ద కండరం ఒకటుంది, లెవేటర్ అంటాం. దాని కింద ముల్లర్ అనే సన్నటి కండరం ఉంటుంది, అది మహా అయితే రెండు మిల్లీమీటర్లు ఎత్తుతుంది. హార్మోన్ ఎక్కువగా ఉన్న రోజుల్లో ముల్లర్ కండరం రెచ్చిపోయి రెప్పని లాగుతుంది. ఇది థైరాయిడ్ దారికొస్తే చాలావరకు తగ్గుతుంది. రెండోది, లెవేటర్‌లోనే వాపు వచ్చి మచ్చకట్టి పొట్టిగా అయిపోవడం. కిందికి చూసినప్పుడు కూడా రెప్ప దిగకుండా పైనే ఆగిపోయేది ఇందువల్లే. గుడ్డు బాగా ముందుకు తోసుకొచ్చినా రెప్పలు వెనక్కి జరుగుతాయి.

ఇంకో కారణం ఉంది, అదే మీ విషయంలో నా అనుమానం. ఈ జబ్బులో కంటిని కిందికి లాగే కండరం పట్టేయడం మామూలు. అది పట్టేస్తే కన్ను తేలిగ్గా పైకి పోదు. పైకి చూడాలంటే మెదడు మామూలు కంటే ఎక్కువ జోరుగా "ఎత్తు" అని ఆదేశం పంపాలి. చిక్కేమిటంటే కన్నుని పైకెత్తే కండరానికీ రెప్పని పైకెత్తే కండరానికీ ఆదేశం ఒకే నరంలోంచి, ఒకే జోరుతో వెళ్తుంది. కన్ను పైకి పోనని మొరాయిస్తుంటే, పట్టింపు లేని రెప్ప మాత్రం జోరుగా పైకి ఎగురుతుంది. అంటే మీ కుడి రెప్ప అంత పైన ఉండటంలో తప్పు కొంత రెప్పది కాకపోవచ్చు, కింద పట్టేసిన కండరానిది కావచ్చు. పరీక్షలో దీన్ని పట్టుకునే కిటుకు ఒకటుంది. కొంచెం కిందికి చూడమంటాం. పట్టేసిన కండరం వల్ల వచ్చిన ఎత్తైతే అప్పుడు తగ్గుతుంది. రెప్పలోనే మచ్చ ఉంటే తగ్గదు, ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

ఇక లెక్క చూడండి. ఇప్పుడే రెప్పని దించేశారనుకుందాం. ఏడాది తర్వాత ఆ డబుల్ విజన్ పెరిగి, కింద పట్టేసిన కండరాన్ని వదులు చేసే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. అది వదులవగానే మెదడు పంపే జోరు తగ్గుతుంది, రెప్ప దానంతటదే దిగుతుంది. ఇప్పటికే దించిన రెప్ప మరింత దిగి కంటికి అడ్డం పడుతుంది. పైగా ఆ కండరానికీ కింది రెప్పకీ లోపల ముడి ఉంటుంది, కండరాన్ని వెనక్కి జరిపితే కింది రెప్ప కూడా కిందికి పోతుంది. అంటే పైన వాలిపోయి, కింద జారిపోయి, రెండు రెప్పలకీ మళ్ళీ కోత.

అందుకే ఈ జబ్బులో ఆపరేషన్లకి ఒక వరస ఉంది. గుడ్డు బాగా ముందుకొచ్చి ఉంటే మొదట కంటి గూటి ఎముకలు కొంత తీసి, కొవ్వు తీసి, గుడ్డుకి చోటు చేస్తారు. ఆ తర్వాత ఒకటి రెండుగా కనపడుతుంటే కండరాల ఆపరేషన్. రెప్పల వంతు ఆ తర్వాతే. ఆఖర్న కావాలంటే కంటి కింద సంచులు, అదనపు చర్మం. అందరికీ నాలుగూ అక్కర్లేదు. చాలామందికి రెప్పలది ఒక్కటే సరిపోతుంది. కానీ అవసరమైనవి మాత్రం ఈ వరసలోనే జరగాలి, ఎందుకంటే పైమెట్టులో చేసిన ప్రతి పనీ కింది మెట్టులోని కొలతని మార్చేస్తుంది. ప్రతి రెండిటి మధ్యా రెండు మూడు నెలల ఎడం కూడా ఉండాలి.

నా తొలి రోజుల్లో ఈ పాఠం ఒక పేషెంట్ ఖర్చు మీద నేర్చుకున్నాను. ఆవిడకి రెప్ప ఒక్కటే ఇబ్బంది అన్నారు, మరీమరీ అడిగారు, నేనూ కాదనలేకపోయాను. కొలతలు నాలుగు నెలలే చూశాను. రెప్ప చక్కగా వచ్చింది, ఇద్దరం సంతోషించాం. ఎనిమిది నెలలకి డబుల్ విజన్‌తో తిరిగొచ్చారు. కండరాల ఆపరేషన్ అయ్యాక రెప్ప నల్లగుడ్డు మధ్యదాకా వాలింది. మళ్ళీ ఎత్తడానికి ఇంకో ఆపరేషన్. ఎత్తింది ఎప్పుడూ మొదటిసారి వచ్చినంత అందంగా రాలేదు. ఆవిడ నన్ను ఏమీ అనలేదు, అనుంటే బాగుండేది. అప్పటినుంచి ఆర్నెల్ల కొలతల్లో మార్పు లేకుండా కత్తి పట్టను.

ఈ ఆగడానికి మినహాయింపులు రెండున్నాయి, అవి అందం కోసం కాదు. కన్ను ఎంతకీ మూతపడక కార్నియా మీద, అంటే నల్లగుడ్డు మీదుండే పారదర్శక పొర మీద, పుండు పడుతుంటే, చురుకు దశ అయినా సరే కంటిని కాపాడటానికి రెప్పల్ని కొంత కలిపి కుట్టాల్సి వస్తుంది. రెండోది, వాచిన కండరాలు వెనక ఉన్న చూపు నరాన్ని నొక్కేయడం. ఇది అత్యవసరం, స్టెరాయిడ్, అది చాలకపోతే గూటిని తెరిచే ఆపరేషన్. చూపు మసకబారడం, ముఖ్యంగా ఎరుపు రంగు ఒక కంట్లో వెలిసిపోయినట్టు కనిపించడం, కన్ను బాగా నొప్పిగా ఉండి వెలుతురు చూడలేకపోవడం, వీటిలో ఏది వచ్చినా అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఒక్కో కన్ను మూసి ఎర్రటి మూత ఏదైనా చూడండి, రెండు కళ్ళకీ ఒకేలా ఉందా అని. వారానికోసారి చేసుకోదగ్గ పరీక్ష ఇది.

ఈలోపు ఊరికే కూర్చోమని కాదు. పగలు కన్నీటి చుక్కలు వాడండి. రోజుకి నాలుగుసార్లు మించితే ప్రిజర్వేటివ్ లేనివి తీసుకోవాలి. రాత్రి పడుకునేముందు చిక్కటి జెల్ గానీ ఆయింట్‌మెంట్ గానీ. నిద్రలో కన్ను కొంచెం తెరిచే ఉంటోందా అని ఇంట్లో ఎవరినైనా చూడమనండి. ఉంటే రెప్పని టేప్‌తో మూయడం డాక్టర్ దగ్గర నేర్చుకోండి. టేప్ వదులై కార్నియాకి రాసుకుంటే మేలు కంటే కీడే ఎక్కువ, అందుకని సొంతంగా మొదలుపెట్టకండి. తల ఎత్తుగా పెట్టుకుని పడుకుంటే పొద్దుటి వాపు తగ్గుతుంది. సెలీనియం మాత్రల గురించి అడిగారు. జబ్బు కొత్తగా, తేలిగ్గా ఉన్నప్పుడు రోజుకి 100 మైక్రోగ్రాముల చొప్పున రెండుసార్లు, ఆర్నెల్లు వాడితే కొంత మేలు కనపడిందని 2011లో ఐరోపాలో జరిగిన పరిశోధన చెప్పింది. అయితే అక్కడి నేలల్లో సెలీనియం తక్కువ. మీకు పద్నాలుగు నెలలు దాటాయి, మీ డాక్టర్‌ని అడక్కుండా కొనకండి.

సిగరెట్ సంగతి మీరు రాయలేదు. మీరు తాగుతుంటే మానేయడం కంటే మంచి మందు నా దగ్గర లేదు. ఇంట్లో ఇంకెవరైనా తాగితే బయటికి పంపండి. థైరాయిడ్‌కి రేడియో అయోడిన్ (గ్రంథిని అణచే రేడియోధార్మిక మందు) ఇస్తామని ఎవరైనా అంటే, ఇచ్చేముందే కళ్ళ సంగతి చెప్పండి. దానివల్ల కంటి జబ్బు ఎక్కువయ్యే ప్రమాదం ఉంది, కొందరికి స్టెరాయిడ్ కవచంతో ఇస్తారు, కొందరికి అసలు ఇవ్వరు.

ఆగుతున్న రోజుల్లో ముఖం చూసుకోలేకపోతున్నాను అంటే బోటాక్స్ ఒక దారి. పై రెప్పలోకి చిన్న మోతాదు ఇస్తే కొద్ది రోజుల్లో రెప్ప దిగుతుంది, రెండు మూడు నెలలు ఉంటుంది. ఎంత దిగుతుందో ముందే కచ్చితంగా చెప్పలేం. ఒక్కోసారి మరీ వాలిపోతుంది, ఒక్కోసారి మందు పక్కకి పాకి డబుల్ విజన్ వస్తుంది. మీకు ఇప్పటికే ఆ ఛాయలున్నాయి కాబట్టి మీ విషయంలో నేను తొందరపడను.

ఇక అసలు ఆపరేషన్. పై రెప్పని దించడమంటే దాన్ని ఎత్తే కండరాల పట్టు సడలించడమే. ఎత్తు ఒకటి రెండు మిల్లీమీటర్లే ఎక్కువుంటే, రెప్పని తిరగేసి లోపలి వైపు నుంచి ముల్లర్ కండరాన్ని తీసేస్తే చాలు, బయట మచ్చే ఉండదు. అంతకంటే ఎక్కువుంటే లెవేటర్‌ని కూడా దాని చోటు నుంచి విడదీసి వెనక్కి జరపాలి. దీన్ని లోపలినుంచీ చేయొచ్చు, బయట రెప్ప మడతలోంచీ చేయొచ్చు. మడతలో కోస్తే గాటు మడతలోనే దాక్కుంటుంది. ఇంకో పద్ధతిలో మడత దగ్గర చర్మం నుంచి లోపలి పొర దాకా అంచెలంచెలుగా కోసుకుంటూ పోయి, రెప్ప దిగాల్సినంత దిగాక ఆగి, పైన చర్మం మాత్రమే కుట్టేస్తారు. వినడానికి భయంగా ఉంటుంది గానీ ఎక్కువ ఎత్తున్న రెప్పలకి నాకు ఇష్టమైన పద్ధతి ఇదే. ఏ పద్ధతి గొప్ప అని మా సర్జన్లలో వాదనలు ఎప్పుడూ తెగవు. మీకు కావాల్సింది మీ సర్జన్ చేతికి బాగా అలవాటైన పద్ధతి.

అసలు కష్టం దించడంలో లేదు, వంపులో ఉంది. థైరాయిడ్ రెప్ప అంతా ఒకేలా ఎగరదు. చెవి వైపు మూడోవంతు ఎక్కువ ఎగురుతుంది, చివర పైకి విసిరినట్టుంటుంది. అక్కడ లెవేటర్ కండరపు కొమ్మ ఒకటి కన్నీటి గ్రంథిని రెండుగా చీలుస్తూ వెళ్ళి ఎముకకి అతుక్కుని ఉంటుంది. దాన్ని తెంచకపోతే మధ్య దిగి చివర అలాగే ఉండిపోతుంది, చూపు ఇంకా వింతగా తయారవుతుంది. తెంచేటప్పుడు గ్రంథికి దెబ్బ తగిలితే ఇప్పటికే ఆరిపోతున్న కన్ను ఇంకా ఆరిపోతుంది. ముక్కు వైపు దీనికి పూర్తిగా తలకిందులు, అక్కడ కొంచెం చెయ్యి జారినా రెప్ప వాలిపోతుంది. కాబట్టి చివర ఎక్కువ, మధ్య కొంచెం, ముక్కు వైపు ముట్టీ ముట్టనట్టు. "చిన్న పనే" అన్న మాట నాకు నచ్చనిది ఇందుకే.

వీలైతే ఈ ఆపరేషన్ రెప్పకి మాత్రమే మత్తు ఇచ్చి చేస్తారు. నిద్రపుచ్చితే బాగుండు అని అందరూ అనుకుంటారు. కానీ మధ్యలో మిమ్మల్ని లేపి కూర్చోబెట్టి, ఎదురుగా చూడమని, రెండు కళ్ళూ పోల్చి చూసుకోవాలి. పడుకున్నప్పుడు రెప్ప ఉండే చోటు వేరు, కూర్చున్నప్పుడు వేరు. అందులోనూ మోసం ఉంది. మత్తు మందులో కలిపే అడ్రినలిన్ ముల్లర్ కండరాన్ని రెచ్చగొట్టి రెప్పని ఎత్తుతుంది, మత్తు ఎక్కువైతే లెవేటర్ మొద్దుబారి రెప్ప వాలుతుంది. బల్ల మీద కనిపించేది పూర్తి నిజం కాదు. అందుకే మందు తక్కువ వాడతాం. మానే క్రమంలో రెప్ప మళ్ళీ కొంచెం పైకి పాకే అలవాటుంది కాబట్టి, అనుకున్నదానికంటే ఓ మిల్లీమీటరు కిందే ఆపుతాం. మొదటి వారాల్లో "నా కన్ను చిన్నదైపోయింది" అని ఫోన్ చేయకండి, అది కావాలని చేసిందే.

కింది రెప్ప గురించి క్లుప్తంగా. మీ ఫోటోలో కింద తెలుపు పెద్దగా కనపడటం లేదు, కాబట్టి బహుశా అవసరం రాదు. వస్తే మాత్రం అది పై రెప్ప కంటే మొండిది, ఎందుకంటే పైకి నిలబెట్టాలి, బరువు కిందికి లాగుతుంది. లాగే కండరాన్ని సడలించడం ఒక్కటే చాలదు, మధ్యలో ఆసరాగా ఏదో ఒకటి పెట్టాలి. అంగిలి పొర, చెవి మృదులాస్థి, లేదా శుద్ధి చేసిన దాత కణజాలం వాడతారు. ఒక మిల్లీమీటరు ఎత్తాలంటే రెండు మూడు మిల్లీమీటర్ల ముక్క పెట్టాలి. అంగిలి నుంచి తీస్తే వారం రెండు వారాలు తినడానికి ఇబ్బందే. గూటిని పెద్దది చేసే ఆపరేషన్ అయినవాళ్ళలో కింది రెప్ప కొంత దానంతటదే సర్దుకుంటుంది. వరస పాటించడంలో ఉన్న ఇంకో లాభం అది.

కంటి కింద సంచులు తీయించుకోవాలన్న కోరిక చాలామందికి ఉంటుంది. ఆఖర్న చూద్దాం. పై రెప్పలో చర్మం మాత్రం చాలా పిసినారిగా తీయాలి. థైరాయిడ్ కంటికి మూసుకోవడానికి చర్మం అవసరం.

ఆపరేషన్ రోజున జరిగేది మీరు భయపడినంత ఉండదు. రక్తం పలుచన చేసే మందులేవైనా వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపేయకండి. మొదటి రెండు రోజులు చల్లటి కాపడం, తల ఎత్తు మీద పెట్టుకోవడం, ఆయింట్‌మెంట్. కుట్లు ఐదు నుంచి ఏడు రోజుల్లో తీస్తారు. మొదటి పది రోజులు రెండు కళ్ళూ రెండు రకాలుగా ఉంటాయి, అద్దం తక్కువ చూసుకోండి. రూపం స్థిరపడటానికి మూడు నెలలు పడుతుంది. మొదటి వారాల్లో కొంచెం ఎగుడుదిగుడు ఉంటే సర్జన్ రెప్పకి మసాజ్ చేయమంటారు, పైకా కిందికా అన్నది ఆయనే చెప్పాలి. మొదటి రోజు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి. ఉన్నట్టుండి బాగా నొప్పి వచ్చి, కన్ను గట్టిగా రాయిలా ఉబ్బి, చూపు తగ్గితే అది లోపల రక్తస్రావం. పొద్దున్నదాకా ఆగకూడదు.

పాతలా అవుతాయా అన్నారు. నిజం చెప్పాలంటే, అచ్చం అలాగే కావు. కన్ను మూతపడుతుంది, గరగర తగ్గుతుంది, ఆ గుడ్లురిమిన చూపు పోతుంది. రెండు కళ్ళూ ఒక మిల్లీమీటరు తేడాలో ఉంటే మేం మంచి ఫలితం అంటాం. కొందరికి రెండోసారి చిన్న సవరణ పడుతుంది. దాన్ని తప్పు జరిగినట్టు చూడకండి, ఈ జబ్బు స్వభావమే అంత. ఇంకొకటి, కుడి రెప్ప దిగాక ఇన్నాళ్ళూ దాని పక్కన మామూలుగా అనిపించిన ఎడమ కన్నే పెద్దదిగా కనపడొచ్చు. ఎడమది కూడా కొలిచి, రెండూ కలిపి చేయాలా అన్నది ముందే మాట్లాడుకోవాలి.

ఒక పక్కమాట. ఎప్పుడైనా మీ రెప్ప పైకి పోవడానికి బదులు వాలిపోతే, ముఖ్యంగా సాయంత్రానికి ఎక్కువైతే, వెంటనే చెప్పండి. థైరాయిడ్ ఉన్నవాళ్ళలో మయస్థీనియా అనే కండరాల జబ్బు మామూలు వాళ్ళలో కంటే ఎక్కువ కనపడుతుంది, దాంట్లోనూ ఒకటి రెండుగా కనపడుతుంది. మీ డబుల్ విజన్‌ని పరీక్షించేటప్పుడు ఇదీ చూడమనండి.

కాబట్టి ఈ వారంలో చేయాల్సింది, మెల్లకన్ను కొలతలు తీసే చోట కండరాల పరీక్ష చేయించుకోవడం. రంగుల పరీక్ష, గుడ్డు ముందుకొచ్చిన కొలత, రెండు రెప్పల ఎత్తు, కన్ను మూసినప్పుడు మిగిలే సందు, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. రెండు మూడు నెలలకోసారి అవే మళ్ళీ తీయించండి. ఇంట్లో నెలకోసారి ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి, నవ్వకుండా ఎదురుగా ఫోటో తీసుకోండి. జబ్బు రాకముందు, నాలుగైదేళ్ళ కిందటి ఫోటో కూడా ఒకటి వెతికి పెట్టుకోండి. సర్జన్‌కి అది మీ మాటల కంటే ఎక్కువ పనికొస్తుంది. వెంటనే చేద్దామన్న డాక్టర్ దగ్గరికి మళ్ళీ వెళ్తే రెండు ప్రశ్నలు అడగండి: నా కండరాల కొలత ఎంత, ఆర్నెల్లుగా అది మారలేదని ఎలా తెలుసు? ఆ కొలతలు చేతికొచ్చాక ఇక్కడ పెట్టండి, రెప్పకి ఎంత వాటా ఉందో చూసి చెబుతాను.